నిమ్మతోటలో గజ్జి తెగులు: కత్తెర ఎప్పుడు, మందు ఎప్పుడు

గజ్జి పొక్కు ఒకసారి లేచాక ఏ మందు కొట్టినా మానదు. ఆకు రాలేదాకా, కాయ కోసేదాకా, కొమ్మ నరికేదాకా ఆ మచ్చ అక్కడే ఉంటుంది. మచ్చలు చూశాక మందుల దుకాణానికి పరుగెత్తే రైతు డబ్బు ఎక్కువగా పోయేది అందుకే. రాగి మందు ఆకు పైన పొరలా నిలిచి, బయటి నుంచి వచ్చే బాక్టీరియాను లోపలికి పోనివ్వదు. లోపలికి చేరినదాన్ని అది ఏమీ చేయలేదు. కాబట్టి ఈ తెగులుతో పని చేసేవాళ్లు మచ్చలకంటే ముందు చిగుళ్లనూ, పిందెలనూ, ఆకాశాన్నీ చూడటం అలవాటు చేసుకోవాలి.

మచ్చను గుర్తుపట్టడం

లేత ఆకు అడుగున సూదిమొన అంత మచ్చ, నీళ్లు పట్టినట్టు నిగనిగలాడుతూ మొదలవుతుంది. కొద్దిరోజుల్లో అది ఆకుకు రెండు వైపులా ఉబ్బి, గోధుమరంగు తిరిగి, బెండులా గరుకుగా తయారవుతుంది. చుట్టూ పసుపు వలయం ఉంటుంది. కళ్లు మూసుకుని వేలితో రాసినా పొక్కు తగులుతుంది. కాయ మీద పసుపు వలయం అంత స్పష్టంగా ఉండదు. పొక్కు మధ్య పగిలి చిన్న గుంటలా కనిపిస్తుంది. కొమ్మల మీద, ముళ్ల మీద కూడా పొక్కులు లేస్తాయి. చాలామంది వీటిని పట్టించుకోరు, కానీ వచ్చే ఏటిదాకా బాక్టీరియా దాక్కునే చోటు అదే.

బత్తాయిలో, నిమ్మలో నల్లి గీకినప్పుడు వచ్చే మంగు కూడా కాయను పాడుచేస్తుంది గానీ అది తుప్పు పూసినట్టు పరుచుకుంటుంది, విడివిడి పొక్కులుగా లేవదు. రెండింటికీ ఒకే మందు కొట్టి ఫలితం లేదనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

గ్రీనింగ్ తెగులు కూడా బాక్టీరియా వల్లే వస్తుంది కానీ దాని దారి వేరు. ఆ బాక్టీరియా చెట్టు లోపల ఆహారం ప్రవహించే నాళాల్లో బతుకుతుంది, ఎగిరే పేను అనే పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఆకు మీద పొక్కు ఉండదు, పసుపు మరకలు పడతాయి. జింకు లోపంలో ఈనెకు రెండు పక్కలా పసుపు ఒకేలా వస్తుంది, గ్రీనింగ్‌లో ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా ఉంటుంది. దానికి రాగి మందు పనికిరాదు. అనుమానం ఉంటే ఆకులు కోసి దగ్గరలోని పరిశోధన స్థానానికి పంపాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా గజ్జి గురించే.

అది లోపలికి ఎలా పోతుంది

తెగులు కారకం జాంథోమోనాస్ సిట్రి అనే బాక్టీరియా. ఇది మనకు కొత్తగా వచ్చింది కాదు. 1827–31 మధ్య భారతదేశంలో సేకరించి, లండన్ క్యూ తోటల్లో దాచిన దబ్బ ఆకుల మీద గజ్జి మచ్చలు ఉన్నాయని తర్వాత పరిశీలించినవారు గుర్తించారు. నిమ్మజాతి చెట్లలో గ్రేప్‌ఫ్రూట్, మన పులుపు నిమ్మ దీనికి బాగా లొంగిపోతాయి. బత్తాయి కొంత తట్టుకుంటుంది, కమలా ఇంకా ఎక్కువ తట్టుకుంటుంది. అందుకే ఒకే గట్టుకు అటు బత్తాయి శుభ్రంగా, ఇటు నిమ్మ గజ్జితో నిండి ఉండటం చూస్తాం.

పాత పొక్కు మీద నీళ్లు నిలిస్తే కొద్ది నిమిషాల్లోనే బాక్టీరియా బయటికి ఊరుతుంది. వానచినుకు దాన్ని చిందిస్తుంది, గాలి దాన్ని పక్క కొమ్మకు, పక్క చెట్టుకు విసురుతుంది. గాలి వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లు దాటితే నీళ్లు ఆకు రంధ్రాల్లోకి బలంగా దూరతాయి, వాటితోపాటు బాక్టీరియా కూడా పోతుంది. 20 నుంచి 30 డిగ్రీల వేడి దానికి అనువైనది. లోపల చేరాక అది ఆకు కణాలనే ఉసిగొల్పి విపరీతంగా ఉబ్బేలా చేస్తుంది. ఆ ఉబ్బుకు పైపొర పగిలి పొక్కు తయారవుతుంది, పగిలిన చోటి నుంచి మళ్లీ బాక్టీరియా బయటికొస్తుంది. వెచ్చటి వాతావరణంలో ఇదంతా 7 నుంచి 10 రోజుల్లో జరుగుతుంది. అంటే తుపాను వెళ్లిన వారం తర్వాత కనిపించే మచ్చలు తుపాను రోజున పడ్డవి. ఆ రోజుకు ఆకు మీద రాగి పొర ఉందా లేదా అన్నదే లెక్క.

గాలివాన ఎంత దూరం మోస్తుందో అమెరికాలోని ఫ్లోరిడా చూపించింది. అక్కడ తెగులు సోకిన చెట్టు చుట్టూ 1900 అడుగుల మేర ఉన్న నిమ్మజాతి చెట్లన్నీ పీకేసే పథకం నడిచింది. 2004, 2005 తుపానులు తెగులును అంతకు మించి చల్లేయడంతో 2006 జనవరిలో ఆ పథకాన్నే ఆపేశారు.

మనకు పనికొచ్చే అసలు విషయం ఏమిటంటే, ఆకుకు పుట్టిన దగ్గర నుంచి రాలేదాకా ప్రమాదం ఒకేలా ఉండదు. సగం నుంచి మూడింట రెండు వంతులు విచ్చుకున్న లేత ఆకుకు ముప్పు ఎక్కువ. ముదిరిన ఆకు రంధ్రాల గుండా తెగులు దాదాపు పోదు, గాయం ఉంటేనే పోతుంది. కాయకు పూరేకులు రాలిన దగ్గర నుంచి సుమారు 90 రోజుల దాకా ప్రమాదం. ఆ మూడు నెలలు గట్టెక్కిన కాయ తర్వాత వానలో తడిసినా పెద్దగా మచ్చపడదు.

ఏ కాపుకు ఎక్కువ ముప్పు

గూడూరు, పొదలకూరు, వెంకటగిరి వైపు నిమ్మకు మంచి ధర వచ్చేది వేసవిలో. మార్చి నుంచి మే దాకా కాయ చేతికి రావాలంటే పూత సెప్టెంబరు, అక్టోబరులో రావాలి. అంటే పిందె పుట్టిన తొలి మూడు నెలలూ ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాల కింద గడుస్తాయి. ధర ఎక్కువ పలికే కాపే గజ్జికి ఎక్కువ దొరుకుతుంది. ఈ తోటల్లో మందు ఖర్చుకు పరిమితి ఉన్న రైతు జూన్ చిగుళ్ల కన్నా అక్టోబరు, నవంబరు పిందెలకు ఆ డబ్బు దాచుకోవడం మేలు. నల్గొండ జిల్లా నకిరేకల్ వైపు లెక్క కాస్త మారుతుంది. అక్కడ వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి పూత కాయ జూన్ నాటికి గట్టిపడి తప్పించుకుంటుంది. జూన్, జులై పూత పిందెలకు కాపలా కాయాలి.

నాటిన మొదటి నాలుగేళ్ల తోటకు ఈ లెక్కలేవీ వర్తించవు. లేత చెట్టు ఏడాదంతా చిగురిస్తూనే ఉంటుంది, అందుకే గజ్జి అక్కడ బాగా ముదురుతుంది. కాపు లేదు కదా అని వదిలేస్తే, కాపుకొచ్చే నాటికి కొమ్మలనిండా పొక్కులుంటాయి.

ముందు కత్తెర

బాక్టీరియా ఒట్టి నేలలో ఎక్కువకాలం బతకదు. రాలిన ఆకుల్లో అవి కుళ్లేదాకా, కొమ్మల మీది పొక్కుల్లో మాత్రం ఏళ్లతరబడి ఉండగలదు. కాబట్టి వానలకు ముందు, తోట పూర్తిగా ఆరి ఉన్న మే నెలలో కత్తిరింపు పని పెట్టుకోవాలి. పొక్కు కనిపించిన చోటికి రెండు మూడు అంగుళాల కింద, బాగున్న కట్టెలో కోయాలి. ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, మొదలు నుంచి వచ్చే నీటికొమ్మలు తీసేయాలి. నీటికొమ్మల ముళ్లు పొడవుగా, గట్టిగా ఉంటాయి. గాలికి పక్క ఆకులనూ కాయలనూ గీరి, తెగులుకు తలుపు తెరిచేది అవే.

చెట్టు చెట్టుకీ కత్తెరను స్పిరిట్‌లో గానీ, ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో గానీ ముంచాలి. రెండు కత్తెరలు పెట్టుకుని ఒకటి మునిగి ఉండగా రెండోదానితో కోస్తే పని ఆగదు. హైపోక్లోరైట్ ఇనుమును తినేస్తుంది కాబట్టి సాయంత్రం కత్తెరలు కడిగి నూనె రాయాలి. కోసిన కొమ్మలనూ, చెట్టు కింద ఆకులనూ అదే రోజు బయటికి చేర్చి కాల్చేయాలి. గట్టు మీద కుప్పపోస్తే తొలకరి గాలికి తిరిగి తోటలోకే వస్తాయి.

కోత మరీ ఎక్కువ చేయొద్దు. చెట్టును గుండు చేస్తే నెలలోపే గుంపుగా లేత చిగుళ్లు దూసుకొస్తాయి, అవి సరిగ్గా జూన్ వానలకు దొరుకుతాయి. తెగులు మరీ ఎక్కువున్న చెట్టును రెండేళ్లలో విడతలుగా శుభ్రం చేసుకోవాలి.

వేలి లావు దాటిన కోతలకు బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. తయారీ కింద చెప్పిన మిశ్రమం లాంటిదే, నీళ్లు మాత్రం తక్కువ.

బోర్డో మిశ్రమం, పొరపాటు లేకుండా

ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. సున్నం అంటే నీళ్లు పోస్తే బుసబుస పొంగి వేడెక్కే తాజా రాయి సున్నం. గాలికి చాలాకాలం ఉండి పొడి అయిపోయిన పాత సున్నంలో బలం ఉండదు, దాన్ని కొనొద్దు. సంచుల్లో అమ్మే, ముందే నీళ్లు పట్టించి ఆరబెట్టిన సున్నం వాడితే దాదాపు మూడో వంతు ఎక్కువ, అంటే 1.3 కిలోలు వేయాలి.

మైలుతుత్తాన్ని పొడిచేసి పలుచటి గుడ్డలో మూటకట్టి, 50 లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పైభాగాన మునిగేట్టు రాత్రి వేలాడదీయాలి. కరిగిన ద్రావణం బరువెక్కి కిందికి దిగుతుంటే పైకి కొత్త నీళ్లు వస్తాయి కాబట్టి తెల్లారేసరికి మొత్తం కరుగుతుంది. అడుగున పారేస్తే గంటల కొద్దీ కలిపినా గడ్డలు మిగులుతాయి. ఇనుప, జింకు పూత పాత్రలు వద్దు, రాగి వాటిని తినేసి మందు పాడవుతుంది. ఇంకో పాత్రలో సున్నం మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లి పొంగు తగ్గాక, కలిపి 50 లీటర్లు చేసి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే నాజిల్ ప్రతి పది చెట్లకూ మూసుకుపోతుంది.

రెండూ చల్లారాక, సున్నపు నీళ్లను కర్రతో తిప్పుతూ మైలుతుత్తం ద్రావణాన్ని అందులోకి సన్నధారగా పోయాలి. వరస మార్చి సున్నాన్ని మైలుతుత్తంలో పోస్తే రేణువులు ముతకగా కట్టి ఆకుకు సరిగా అంటవు. చివరికి ఆకాశం రంగు రావాలి.

ఇప్పుడు శుభ్రంగా తోమిన ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి పూత పడితే సున్నం తక్కువై రాగి విడిగా మిగిలిందని అర్థం. అలాగే కొడితే లేత ఆకులు మాడతాయి. పూత పడనంతవరకూ సున్నపు నీళ్లు కలుపుతూ మళ్లీ చూడాలి. కలిపిన మిశ్రమాన్ని ఆ రోజే కొట్టేయాలి, మర్నాటికి అది ముద్దకట్టి అంటుకునే గుణం పోతుంది. ఇందులో పురుగుమందులు కలపొద్దు. సున్నపు గుణానికి చాలా మందులు విరిగిపోతాయి.

ఈ శ్రమ కుదరకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు చాలు. 16 లీటర్ల ట్యాంకుకు 48 గ్రాములు. ఇరవై అడుగుల దూరంలో నాటిన ఎకరంలో సుమారు 110 చెట్లుంటాయి. ఎదిగిన చెట్టుకు 5 లీటర్ల లెక్కన 550 లీటర్ల ద్రావణం, కిలో 650 గ్రాముల మందు అవసరం. ఎకరానికి 200 లీటర్లతో సరిపెట్టినచోట లోపలి కొమ్మలు పొడిగా ఉండిపోతాయి, గజ్జి అక్కడి నుంచే తిరిగి మొదలవుతుంది. ఏ రాగి మందునైనా ఆమ్లగుణం ఉన్న ఎరువు ద్రావణాలతో కలిపితే రాగి ఎక్కువగా కరిగి ఆకులు, కాయలు మాడతాయి.

ఎప్పుడు కొట్టాలి

కత్తిరింపు అయిన వెంటనే చెట్టంతా, కొమ్మలూ మొదలూ తడిసేలా ఒకసారి. ఆ తర్వాత ప్రతి కొత్త చిగురుకూ ఆకు సగం విచ్చుకున్నప్పుడు ఒకసారి, 15–20 రోజులకు ఇంకోసారి. ఆకు పెరుగుతున్నకొద్దీ మందు పొర చీలి, మధ్యలో మందు లేని కొత్త చర్మం బయటపడుతుంది. రెండో పిచికారీ అందుకే కావాలి, మొదటిది వానకు కొట్టుకుపోయిందని కాదు. పిందెలకు పూత రాలాక మొదలుపెట్టి, వానలున్న కాలంలో 20 రోజులకోసారి మూడు నెలలు కొనసాగించాలి. నిండు పూత మీద కొట్టొద్దు.

వాయుగుండం వార్త వినగానే కొట్టండి, కానీ వాన పడకముందు ఆకు మీద మందు పూర్తిగా ఆరేంత సమయం ఉండాలి. తడి మీద కొట్టినా, కొట్టాక వెంటనే తడిసినా కూలి దండగే. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది, ఉదయమో సాయంత్రమో మంచిది. ఎక్కువ కొడితే ఎక్కువ మేలు అనుకోవద్దు. రాగి నేలలో విరిగిపోదు, ఏళ్లతరబడి పేరుకుంటుంది. పైగా అదేపనిగా రాగి వాడిన అర్జెంటీనాలో దాన్ని తట్టుకునే గజ్జి బాక్టీరియా కూడా పుట్టుకొచ్చింది.

స్ట్రెప్టోసైక్లిన్ సంగతి

పది లీటర్లకు 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ అన్నది మన దగ్గర చాలాకాలంగా ఉన్న సిఫారసు. స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉన్నవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు, రెండూ మనుషుల వైద్యంలో వాడేవే. పొలాల్లో వీటి వాడకాన్ని ఆపే ముసాయిదా ఉత్తర్వును కేంద్రం 2021 డిసెంబరులో ఇచ్చింది. కాబట్టి కొనేముందు ఉద్యాన అధికారిని అడిగి ఇప్పటి నిబంధన తెలుసుకోవాలి. కత్తిరింపు, సమయానికి రాగి సరిగా జరిగిన తోటలో దీని అవసరం తక్కువ, అవి జరగని తోటను ఇది కాపాడలేదు. మోతాదు రెట్టింపు చేయడం, ప్రతి పిచికారీలోనూ కలపడం రెండూ తప్పే. బాక్టీరియా ఈ మందుకు త్వరగా అలవాటుపడుతుంది.

ఆకు ముడత పురుగును వదిలేస్తే

లేత ఆకు పొరల మధ్య వెండిగీతల్లా వంకర సొరంగాలు కనిపిస్తే అది ఆకు ముడత పురుగు. ఇది గజ్జిని మోసుకురాదు, ఆకు పైపొరను లేపి లోపలి కండను బయటపెడుతుంది. మామూలుగా చుక్కలుగా వచ్చే గజ్జి ఈ సొరంగం పొడవునా బారుగా పట్టేస్తుంది. చిగురు అంగుళం, రెండంగుళాలు ఉన్నప్పుడే 5 శాతం వేప గింజల కషాయం గానీ, ఉధృతి ఉంటే లీటరుకు 0.5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ గానీ కొట్టాలి. పూత ఉంటే ఇమిడాక్లోప్రిడ్ వద్దు, తేనెటీగలు చస్తాయి. ఆకులు ముడుచుకుపోయాక కొట్టే మందు పురుగు దాకా చేరదు.

నీళ్లు, ఎరువు, మనుషులు

ఆకులు తడిపే స్ప్రింక్లర్లు తీసేసి డ్రిప్పు పెట్టుకోవాలి. యూరియా ఒకేసారి గుమ్మరిస్తే చిగుళ్లు మెత్తగా, విడతలు విడతలుగా వస్తాయి. ఎప్పుడూ ఏదో ఒక చెట్టు లేత చిగురుతో ఉన్న తోటలో కాపలా కాయడం ఎవరివల్లా కాదు. నత్రజనిని విడగొట్టి వేసి, చిగురు తోటంతా ఒకేసారి వచ్చేలా చూసుకుంటే పిచికారీలు తగ్గుతాయి.

మంచు ఆరకముందు, వాన వెలిసిన వెంటనే కోతకూ కలుపుకూ మనుషుల్ని దించొద్దు. తడిసిన బట్టలూ చేతులూ తెగులును వరస వరసకూ అంటిస్తాయి. తెగులున్న తోట నుంచి వచ్చిన గోనెసంచులు, ప్లాస్టిక్ పెట్టెలు, దోటీలు కడగకుండా లోపలికి రానివ్వకూడదు. బాగున్న మడి ముందు, గజ్జి మడి చివర, కోతకైనా మందుకైనా ఇదే వరస. మచ్చకాయను గ్రేడు చేసేటప్పుడే వేరుచేయండి. గజ్జి తొక్కకే గానీ రసానికి పట్టదు కాబట్టి పచ్చడికీ రసానికీ అది పనికొస్తుంది, మంచికాయలో కలిపితే బస్తా మొత్తానికి ధర పడిపోతుంది.

కొత్తగా నాటేవాళ్లకు

గజ్జి విత్తనం ద్వారా రాదు, నారు మొక్క ద్వారా వస్తుంది. కిక్కిరిసిన నర్సరీలో పై నుంచి నీళ్లు కొడితే ఒక్క మొక్క తెగులు వారాల్లో బెడ్డంతా పాకుతుంది. అమ్మేముందు మచ్చ ఆకులు గిల్లేసి ఇస్తారు కాబట్టి ఆకులు మాత్రమే చూసి మోసపోవద్దు, కాండం మీద, ముళ్ల మొదట్లో గోరుతో తడిమి చూడండి. తెచ్చిన మొక్కల్ని పాత తోటకు దూరంగా మూడు వారాలు ఉంచి, ఒక్కదానికి మచ్చ వచ్చినా తీసి కాల్చేసి, మిగతావాటికి రాగి మందు కొట్టి నాటాలి.

రకం ఎంచుకునే వీలుంటే తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ గజ్జిని కొంత తట్టుకుంటుంది. కొంత అంటే కొంతే, తుపాను గాలికి దానికీ మచ్చలు పడతాయి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం ఉంది, మొక్కల కోసం, సలహా కోసం ఆ చుట్టుపక్కల రైతులు అక్కడ అడగొచ్చు. గాలి ఎక్కువ వచ్చే దిక్కున నిమ్మ నాటడానికి ఏడాది, రెండేళ్ల ముందే సరుగుడు రెండు వరసలు దగ్గరగా వేయాలి. అడ్డం నిలిచిన చెట్ల ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం దాకా గాలి తగ్గుతుంది. ముప్పై అడుగుల సరుగుడు మూడువందల అడుగుల తోటను కాస్తుంది, అంతకంటే పెద్ద తోటయితే మధ్యలో ఇంకో వరస కావాలి. సరుగుడు వేళ్లు నిమ్మ నీళ్లు తాగకుండా రెండింటి మధ్య ఒక కందకం తీసి, దాన్ని ఏటా తిరగతవ్వుకోవాలి.